పుండు మాన్పే కొల్లాజెన్ కిడ్నీని ఎందుకు గట్టిపరుస్తుంది? ఉద్దానం చెప్పే పాఠం

బక్రీద్ తర్వాత రెండు మూడు రోజులు మన ఇళ్లలో పాయా వాసన పోదు. సన్నటి మంట మీద గంటల తరబడి ఉడికిన షోర్బా వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా పల్చగానే ఉంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే, గిన్నె వంచినా జారకుండా గడ్డకట్టి ఉంటుంది. కొవ్వు వల్లే అలా అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొవ్వు పైన తెల్లటి పొరలా వేరుగా తేలుతుంది. కింద గడ్డకట్టింది కొల్లాజెన్. మేక కాళ్లలోని చర్మం, కీళ్లు, ఎముకల్లో ఉండే ఈ ప్రొటీన్ ఉడికినప్పుడు విడిపోయి జెలాటిన్‌గా మారుతుంది. చల్లారగానే గట్టిపడుతుంది.

మన ఒంట్లో ఉన్న ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఇదే. చర్మం సాగినా చిరగకుండా ఉండటం, ఎముక విరగకుండా బరువు మోయడం, రక్తనాళం చిట్లకుండా ఉండటం, అన్నింటికీ కొల్లాజెన్ కావాలి. అందుకే ఇప్పుడు దీని పేరుతో పౌడర్లు, మాత్రలు, క్రీములు తెగ అమ్ముడుపోతున్నాయి. ఆ ప్రకటనలు వింటే కొల్లాజెన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదనిపిస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగుల బయాప్సీ రిపోర్టులు చూస్తే ఈ అభిప్రాయం మారిపోతుంది. అక్కడి కిడ్నీల్లో కనిపించేది కొల్లాజెన్ లోటు కాదు. ఉండకూడని చోట అది పేరుకుపోయి, మెత్తగా ఉండాల్సిన కిడ్నీ మచ్చకట్టి గట్టిపడటం. వేలి మీద పుండు మాన్పే పదార్థమే కిడ్నీని ఎందుకు పాడుచేస్తుంది? ఇది అర్థమైతే ఉద్దానం కుటుంబాలు ఏ టెస్టు చేయించుకోవాలో, దేనికి డబ్బు దండగో కూడా అర్థమవుతుంది.

మూడు పోగుల తాడు

కవిటి, సోంపేట వైపు కొబ్బరి పీచుతో తాళ్లు పేనేవాళ్లకు కొల్లాజెన్ నిర్మాణం చెప్పడం చాలా తేలిక. ఒక్క పోగు లాగితే తెగిపోతుంది. మూడు పోగులు కలిపి పురి పెడితే ఆ తాడుతో పడవనే కట్టేయొచ్చు. కొల్లాజెన్ కూడా అంతే. మూడు ప్రొటీన్ పోగులు ఒకదాని చుట్టూ ఒకటి పురి తిరిగి ఉంటాయి. ఈ సంగతి ప్రపంచానికి చెప్పింది మద్రాసు యూనివర్సిటీలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. 1954లో వాళ్లు ఈ మూడు పోగుల నమూనాను 'నేచర్' పత్రికలో ప్రచురించారు.

ఈ తాడును పేనేవి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు. ఇల్లు కట్టే మేస్త్రీల్లాంటివి ఇవి. కణం లోపల ముందు విడివిడి పోగులు తయారవుతాయి. వాటికి పురి నిలబడాలంటే విటమిన్ సి, ఇనుము సాయంతో ఒక రసాయన మార్పు జరగాలి. తర్వాత మూడు పోగులూ పురి తిరిగి కణం బయటకు వస్తాయి. అక్కడ చివర్లు కత్తిరించుకుని, పక్కపక్కన చేరి, ఒకదానికొకటి ముడిపడతాయి. ఆ ముడులు వేసే ఎంజైమ్‌కు రాగి కావాలి. అప్పటికి గాని గట్టి తాడు తయారవదు.

ఇప్పటివరకు మనిషి ఒంట్లో 28 రకాల కొల్లాజెన్లను గుర్తించారు. చర్మం, ఎముకల్లో ఎక్కువగా ఉండేది ఒకటో రకం. కీళ్లలోని మృదులాస్థిలో రెండో రకం. పుండు పడిన కొత్తలో ముందుగా పరుచుకునేది మూడో రకం. కిడ్నీ వడపోత పొరలో ఉండేది నాలుగో రకం. అంటే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి కూడా కొల్లాజెన్ కావాలి. కాకపోతే సరైన రకం, సరైన చోట, సరైన మోతాదులో ఉండాలి.

పలాసలో కాలిన వేలు

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే మిగతా కథ తెలుస్తుంది. జీడి పిక్క పెంకులో ఘాటైన నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం కాలి, పొక్కి, నల్లబడుతుంది. అయినా కొన్నాళ్లకు ఆ పుండు మానుతుంది. ఆ మానడం వెనుక ఒక క్రమం ఉంది.

చర్మం దెబ్బతినగానే రక్తంలోని ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు అక్కడికి చేరతాయి. అవి టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. కొల్లాజెన్ విషయంలో ఒంట్లో ఉన్న అతి పెద్ద 'పని మొదలెట్టండి' ఆర్డరు ఇదే. నిజానికి ఈ టీజీఎఫ్-బీటా కణాల చుట్టూ ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే నిద్రపోతున్న రూపంలో. దెబ్బ తగిలితే మేల్కొంటుంది. అది అందగానే ఫైబ్రోబ్లాస్టులు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారిపోతాయి. ఇవి కొల్లాజెన్‌ను గబగబా పేనుతూ, కండరంలా కుంచించుకుని పుండు అంచుల్ని దగ్గరకు లాగుతాయి.

తుఫాను తర్వాత ఉద్దానంలో జరిగేది దీనికి మంచి పోలిక. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ముందు టార్పాలిన్ కప్పుకున్నారు. తర్వాత రేకులు వేసుకున్నారు. వీలున్నవాళ్లు ఆ తర్వాత స్లాబు పోసుకున్నారు. పుండు దగ్గర కూడా ముందు పరుచుకునే మూడో రకం కొల్లాజెన్ టార్పాలిన్ లాంటిది. తర్వాత వారాలు, నెలల్లో దాన్ని తీసేసి ఒకటో రకాన్ని వేస్తారు. ఎంత బాగా మానినా ఆ చర్మానికి పాత బలంలో దాదాపు 80 శాతమే తిరిగి వస్తుంది.

ఇక్కడ అసలు కీలకం పని ఆపడం. పుండు మూసుకోగానే టీజీఎఫ్-బీటా తగ్గాలి. మయోఫైబ్రోబ్లాస్టులు తమంతట తామే చనిపోవాలి. ఎక్కువైన కొల్లాజెన్‌ను ఎంఎంపీ అనే ఎంజైములు కత్తిరించాలి. ఆ కత్తెరలు మరీ ఎక్కువ కత్తిరించకుండా టింప్ అనే ప్రొటీన్లు అదుపులో పెట్టాలి. మేస్త్రీ పని ముగించి, మిగిలిన ఇసుక, కంకర ఎత్తేసి వెళ్లిపోవాలన్నమాట. ఆరోగ్యం అంటే కొల్లాజెన్ బాగా తయారవడం ఒక్కటే కాదు, సమయానికి ఆగడం కూడా.

చర్మం మీదే ఈ ఆగడం తప్పితే ఏమవుతుందో చాలా ఇళ్లలో చూసే ఉంటారు. ఆడపిల్లకు చెవులు కుట్టించిన చోట కొందరికి చిన్న గోళీలా కండ పెరుగుతుంది. దాన్ని కీలాయిడ్ అంటారు. పుండు మానినా కొల్లాజెన్ పేనడం ఆగకపోవడమే దానికి కారణం. కీలాయిడ్ ప్రాణం తీయదు. అదే తప్పు ఒంటి లోపల జరిగితే సంగతి వేరు.

ఉద్దానం కిడ్నీలో ఏం జరుగుతోంది?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపిస్తోంది. విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన సర్వేలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు గానీ, దీర్ఘకాలంగా బీపీ గానీ లేవు. కిడ్నీ జబ్బుకు మామూలుగా చెప్పే కారణాలు ఇక్కడ కనిపించలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత యూనిట్లు ఉంటాయి. ప్రతి యూనిట్‌లో ఒక జల్లెడ, దాని వెనుక సన్నటి గొట్టం. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తే, ఆ గొట్టాలు అందులో 178 లీటర్ల వరకు తిరిగి రక్తంలోకి పీల్చుకుంటాయి. అందుకే గొట్టాలకు పని ఎక్కువ, ప్రాణవాయువు అవసరం ఎక్కువ. ఒంట్లో నీళ్లు తగ్గినా, విషం లాంటిది ఏదైనా వచ్చినా ముందు దెబ్బతినేవి అవే. ఉద్దానం రోగుల కిడ్నీ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు ప్రధానంగా ఈ గొట్టాలు, వాటి మధ్య ఉండే సందులే పాడై కనిపించాయి. గొట్టాలు ముడుచుకుపోయి, సందుల నిండా కొల్లాజెన్ మచ్చ. దీన్నే డాక్టర్లు ఫైబ్రోసిస్ అంటారు.

దెబ్బతిన్న గొట్టం కణాలు కూడా చర్మం లాగే టీజీఎఫ్-బీటా సంకేతం పంపిస్తాయి. మేస్త్రీలు దిగుతారు. ఒక్కసారి తగిలిన దెబ్బైతే రిపేరు చేసి వెళ్లిపోతారు, కిడ్నీ కోలుకుంటుంది. రోజూ తగిలే దెబ్బైతే వాళ్లకు వెళ్లే సందు దొరకదు. ఫైలిన్‌లో లేచిన కప్పు పూర్తిగా వేయకముందే హుద్‌హుద్, అది సర్దుకోకముందే తిత్లీ వచ్చినట్టు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పేరుకున్న కొల్లాజెన్ గొట్టాల చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల్ని నొక్కేస్తుంది. రక్తం తగ్గితే ప్రాణవాయువు తగ్గుతుంది. అది తగ్గితే గొట్టాలు మళ్లీ దెబ్బతింటాయి, మళ్లీ సంకేతం పోతుంది. పైగా కణాల చుట్టూ ఉన్న మెత్తటి చోటు గట్టిపడితే, ఆ గట్టిదనమే నిద్రపోతున్న టీజీఎఫ్-బీటాను మేల్కొలుపుతుంది. ఒక దశ దాటాక మొదటి కారణం పోయినా మచ్చే మచ్చను పెంచుకుంటూ పోతుంది. అందుకే ఈ జబ్బులో ముందుగా పట్టుకోవడానికి ఉన్నంత విలువ ఏ మందుకూ లేదు.

ఉద్దానంలో మొదటి దెబ్బ ఏది? నీళ్లు, నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఎండలో చెమటోడ్చి సరిగ్గా నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్యం, ఇలా చాలా వాటిని శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఏ ఒక్కటీ ఇదే అసలు కారణమని రుజువు కాలేదు. ఒకటికి మించి కలిసి పనిచేస్తున్నాయని చాలామంది నిపుణుల అభిప్రాయం. ఒకటి మాత్రం ఖాయం. ఈ జబ్బు తాకితే అంటదు, పక్కన కూర్చుని తింటే రాదు. ఉద్దానం పేరు వినగానే పెళ్లి సంబంధం వదులుకునే కుటుంబాలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

బోదకాలు, రాతి దుమ్ము, లివరు

ఇదే కథ ఈ రెండు జిల్లాల్లో వేరే రూపాల్లోనూ కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరానికి బోదకాలు పాత శత్రువు. దోమ ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు లింఫు నాళాల్ని పాడుచేస్తాయి. కాలులో నీరు నిలుస్తుంది. ఆ నీరు నిలిచిన చోట తరచూ చీము సూక్ష్మజీవులు చేరి జ్వరం, వాపు తెస్తాయి. ప్రతి వాపుకీ మేస్త్రీలు దిగుతారు, కొంచెం కొంచెం కొల్లాజెన్ పేరుకుంటుంది. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడే వాపు, ఏళ్లు గడిచాక నొక్కినా లొంగని గట్టి చర్మమవుతుంది. అందుకే ఇంటింటికీ వచ్చి ఇచ్చే ఫైలేరియా మాత్రల్ని ఎదురుగానే మింగాలి, జేబులో వేసుకోకూడదు. వాపు ఉన్నవాళ్లు కాలు రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటే సూక్ష్మజీవుల దాడులు తగ్గుతాయి. వుజూ చేసేవాళ్లు రోజుకు ఐదుసార్లు ఎలాగూ పాదాలు కడుగుతారు. వేళ్ల మధ్య తడి కూడా శుభ్రంగా తుడుచుకుంటే చాలు, పాసిన చోటు నుంచి సూక్ష్మజీవులు లోపలికి పోవు.

టెక్కలి నీలం గ్రానైటుకు దేశవిదేశాల్లో పేరుంది. రాయి కోసేటప్పుడు, పాలిష్ చేసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకు రాదు. తెల్ల కణాలు దాన్ని మింగి చనిపోతాయి, సంకేతం పోతుంది, ఆ రేణువుల చుట్టూ కొల్లాజెన్ ముద్దలు కడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. చట్టం ప్రకారం ఇది ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. నీళ్లు పోస్తూ కోయడం, సరైన మాస్కు, ఈ రెండే రక్షణ.

లివరుది కూడా అదే దారి. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, షుగరుతో వచ్చే కొవ్వు లివరు ఏళ్ల తరబడి దెబ్బ కొడుతుంటే అక్కడి కణాలు కొల్లాజెన్ పేని సిర్రోసిస్ తెస్తాయి. ఇక్కడ ఒక ఆశ కూడా ఉంది. హెపటైటిస్ సి మందులతో వైరస్ పోయిన చాలామందిలో లివరు మచ్చ కొంతవరకు కరిగినట్టు డాక్టర్లు చూశారు. దెబ్బ ఆగితే, మరీ ఆలస్యం కాకపోతే, కత్తెర ఎంజైములకు తమ పని చేసుకునే వీలు దొరుకుతుంది.

తక్కువైతే ఏమవుతుంది?

లోటు కూడా ప్రమాదమే. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు చిగుళ్లు కారేవి, ఎప్పుడో మానిన పాత గాయాలు మళ్లీ తెరుచుకునేవి. తాజా పళ్లు లేక విటమిన్ సి అందక, పాత కొల్లాజెన్ అరిగిపోతున్నా కొత్తది నిలబడేది కాదు. 1747లో బ్రిటిష్ నౌకాదళ డాక్టరు జేమ్స్ లిండ్ కొందరు రోగులకు నారింజ, నిమ్మ ఇచ్చి చూస్తే వాళ్లు త్వరగా కోలుకున్నారు. ఆ జబ్బు పేరు స్కర్వీ. మానిన మచ్చను నిలబెట్టడానికి కూడా ఒళ్లు రోజూ పనిచేస్తుందని దాని వల్లే తెలిసింది. ఉద్దానంలో పిక్క తీసుకుని చాలామంది పారేసే జీడిమామిడి పండులో నారింజ కంటే ఎక్కువ విటమిన్ సి ఉంటుంది.

స్టెరాయిడ్లు కొల్లాజెన్ తయారీని బలవంతంగా ఆపేస్తాయి. ఒళ్లు నొప్పులకనో, ఆయాసానికనో ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్లలో, పేరు తెలియని పొడుల్లో ఇవి ఉంటే చర్మం కాగితంలా పల్చబడుతుంది, పుండ్లు మానవు, ఎముకలు గుల్లబారతాయి. షుగరు అదుపులో లేకపోతే మరో రకం సమస్య. ఎక్కువైన గ్లూకోజు కొల్లాజెన్ తాళ్లకు అంటుకుని వాటిని బిరుసుగా మార్చేస్తుంది. భుజం పైకి లేవకపోవడం, రెండు అరచేతులు జోడిస్తే వేళ్లు పూర్తిగా ఆనకపోవడం షుగరు రోగుల్లో దీని గుర్తులే.

ఉద్దానం కుటుంబాలు ఏం చేయాలి?

కిడ్నీలో మచ్చ కడుతున్నప్పుడు నొప్పి ఉండదు. మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్ల వాపు, వాంతులు, ఆయాసం కనిపించేసరికి చాలా ఆలస్యమవుతుంది. కాబట్టి టెస్టు ఒక్కటే దారి.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఉద్దానం రకం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకపోవచ్చు. కాబట్టి మూత్రం పట్టీ టెస్టు 'బాగుంది' అన్నంత మాత్రాన సరిపోదు. రక్తంలో సీరం క్రియాటినిన్ చూడాలి. అది కూడా కిడ్నీ పని దాదాపు సగం తగ్గేవరకు పెద్దగా పెరగదు. అందుకే రిపోర్టులో అంకె 'నార్మల్' గడిలో ఉందని ఊరుకోకుండా, వయసు, ఆడ మగ బట్టి లెక్కించే ఇజీఎఫ్ఆర్ ఎంతో అడగాలి. ఉదాహరణకు క్రియాటినిన్ 1.2 అనుకుందాం. 25 ఏళ్ల కుర్రాడికైతే ఇజీఎఫ్ఆర్ సుమారు 86 వస్తుంది. 45 ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 వస్తే ఇజీఎఫ్ఆర్ 57 మాత్రమే. ఇది మూడు నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. ఒకే అంకె ఒకరికి మామూలు, ఇంకొకరికి హెచ్చరిక.

ఒకప్పుడు దీని కోసం విశాఖ కేజీహెచ్ దాకా పోవాల్సి వచ్చేది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ రీసెర్చ్ సెంటర్, సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ప్రారంభమైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లను ఉద్దానం ఊళ్లకు తెచ్చే దాదాపు రూ.700 కోట్ల పథకం కూడా అదే రోజు మొదలైంది. ఇంట్లో ఒక్కరికి జబ్బున్నా మిగతా పెద్దవాళ్లందరూ ఏడాదికోసారి టెస్టు చేయించుకోవడం మంచిది.

మచ్చను పూర్తిగా కరిగించే మందు కిడ్నీకి ఇంకా రాలేదు. దాని వేగం తగ్గించేవి ఉన్నాయి. బీపీకి వాడే ఎనాలప్రిల్, టెల్మిసార్టన్ లాంటి మందులు యాంజియోటెన్సిన్ అనే హార్మోనుకు అడ్డుపడతాయి. ఆ హార్మోను టీజీఎఫ్-బీటాను పెంచుతుంది కాబట్టి, అది తగ్గితే మచ్చ కట్టడమూ నెమ్మదిస్తుంది. ముఖ్యంగా మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు ఇవి బాగా పనిచేస్తాయి. షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఇప్పుడు షుగరు లేని కిడ్నీ రోగుల్లో వాడుతున్నారు. ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టరే చెప్పాలి. మన చేతిలో ఉన్నది దెబ్బలు తగ్గించడం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకూడదు. కూలి పనికి, చేపల వేటకు వెళ్లేవాళ్లు ఎండ ముదరక ముందే పని మొదలెట్టి, మధ్య మధ్యలో నీడలో ఆగి నీళ్లు తాగాలి.

జబ్బు ముదిరినవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎంత నీళ్లు తాగాలో డాక్టరు కొలత చెబుతారు. ఉద్దానంలో ఇంటికి చుట్టం వస్తే ముందు ఇచ్చేది కొబ్బరి బొండం. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లకు అందులోని పొటాషియం గుండెకే ప్రమాదం. పళ్లు, ఆకుకూరల విషయంలోనూ డాక్టర్నో, డైటీషియన్‌నో అడిగి తినాలి.

రోజా విషయానికి వస్తే, జబ్బున్నవాళ్లకు ఇస్లాం మినహాయింపు ఇచ్చింది. ఇజీఎఫ్ఆర్ తగ్గినవాళ్లు రంజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టరుకు రిపోర్టు చూపించి, ఉండొచ్చో లేదో తేల్చుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు 'ఏమీ కాదులే' అని మొండికేస్తే ఊళ్లో ఇమాం సాబ్ ద్వారా చెప్పించడం తరచుగా పనిచేస్తుంది.

మరి ఆ పౌడర్లు?

కొల్లాజెన్ పౌడరు తాగితే అది తిన్నగా మోకాలికో, ముఖానికో పోదు. పొట్టలో, పేగుల్లో విడిపోయి అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా రక్తంలో కలుస్తుంది. ఆ ముడిసరుకు ఎక్కడ వాడాలో నిర్ణయించేది ఒళ్లే. కొన్ని చిన్న పరిశోధనల్లో చర్మం సాగే గుణం, కీళ్ల నొప్పి కొద్దిగా మెరుగుపడినట్టు చూపించారు. వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మే కంపెనీలే. పప్పు, గుడ్డు, చేపలు, ఒక జామకాయ తినే ఆరోగ్యవంతుడికి ముడిసరుకు లోటు ఉండదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం అదనపు ప్రొటీన్ పౌడర్లు భారమే. డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. విటమిన్ సి మాత్రలు కూడా మోతాదు మించితే ఆక్సలేటుగా మారి కిడ్నీలో పేరుకోవచ్చు.

కొనేవాళ్లు లేబుల్ కూడా చదవాలి. అసలు కొల్లాజెన్ దాదాపు ఎప్పుడూ జంతువు నుంచే వస్తుంది. 'మెరైన్' అంటే చేప, 'బోవైన్' అంటే గొడ్డు, 'పోర్సిన్' అంటే పంది. ఏమీ రాయకపోతే ఏ జంతువుదో తెలియదనే అర్థం. బోవైన్ అని ఉన్నా ఎలా కోశారన్న ప్రశ్న మిగులుతుంది, హలాల్ సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకోవాలి. 'వీగన్ కొల్లాజెన్' అని అమ్మే చాలావాటిలో అసలు కొల్లాజెనే ఉండదు, విటమిన్ సి, అమైనో ఆమ్లాలే ఉంటాయి. చాలా మందుల క్యాప్సూళ్ల తొడుగు కూడా జెలాటినే. డాక్టరు రాసిన మందు అనుమానంతో మానేయకుండా, అదే మందు మాత్ర రూపంలో దొరుకుతుందేమో ఫార్మసిస్టును అడిగితే సరిపోతుంది.

పాయా వండుకోవడంలో తప్పేమీ లేదు, రుచి కోసం తినొచ్చు. కిడ్నీ జబ్బున్న వాళ్ల కంచంలో మాత్రం ఉప్పు, మాంసం కొలత చూడాలి. కొల్లాజెన్‌ను ఎక్కడ ఎంత పేనాలో, ఎక్కడ ఆపాలో ఒంటికి తెలుసు. దాన్ని ఆగనివ్వని దెబ్బలు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే మన పని. ఉద్దానంలో ఆ వెతుకులాట ఒక చిన్న రక్తపరీక్షతో మొదలవుతుంది. వెయ్యి రూపాయలు పెట్టి పౌడరు డబ్బా కొనే ముందు, ఇంట్లో అందరికీ క్రియాటినిన్ చూపించామా లేదా అని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.